తాతగారి ట్రంకు పెట్టెలో పాత నాణేలు, ఉత్తరాలు దొరికాయి: వీటితో సంపాదన ఉంటుందా?

ప్రశ్న అడిగినవారిది చిత్తూరు గ్రీమ్స్‌పేట. తాతగారు పోయాక ఇల్లు సర్దుతుంటే ఒక ట్రంకు పెట్టె బయటపడిందట. అందులో కొన్ని వెండి రూపాయలు, డబ్బా నిండా బొక్క కాణీలు, బేడలు (రెండణాల నాణేలు), రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాల కట్ట, తిరుమల ఫొటో కార్డులు, పాత సినిమా పాటల పుస్తకాలు ఉన్నాయి. ఇవి కాక తన దగ్గర 786 నంబరు నోటు ఒకటి ఉంది. దానికి మూడు లక్షలు ఇస్తామని ఎవరో ఫోన్ చేశారు. వీటితో సేకరణ హాబీగా మొదలుపెట్టవచ్చా, దాని మీద ఎంతో కొంత సంపాదన ఉంటుందా అని అడిగారు.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా పాత నాణేలు, పాత కాగితాల పనిలో ఉన్నాను. సూటిగా చెప్పేస్తాను. హాబీగా ఈ రోజే మొదలుపెట్టండి. సంపాదన ఉంటుంది కానీ నెల జీతంలా రాదు. మొదటి రెండు మూడేళ్లు వచ్చింది వచ్చినట్టు మళ్లీ కొనడానికే పోతుంది. ఇంకో మాట, ఆ డబ్బు మీరు అనుకుంటున్న చోటి నుంచి రాకపోవచ్చు. మీ పెట్టెలో అందరి కళ్లూ వెండి రూపాయల మీద పడతాయి. నేనైతే ముందు ఆ ఉత్తరాల కట్ట విప్పుతాను, తర్వాత ఫొటో కార్డులు చూస్తాను. ఇక 786 నోటుకు లక్షలు ఇస్తామన్నది పచ్చి మోసం.

ముందు ఆ మోసం సంగతే తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ జేబుకు అన్నిటికన్నా దగ్గర్లో ఉంది. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటు, వైష్ణోదేవి బొమ్మ నాణెం, 786 నోటు... వీటికి లక్షలు ఇస్తామనే వీడియోలన్నీ ఒకే దారిలో నడుస్తాయి. ముందు నోటు ఫొటో అడుగుతారు, చూసి చాలా బాగుందంటారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ అని, జీఎస్టీ అని, రిజర్వు బ్యాంకు అనుమతి అని కొంచెం కొంచెంగా మీ చేతే డబ్బు కట్టిస్తారు. పాత నోట్లు, నాణేల అమ్మకాలకు తమ పేరు చెప్పి ఎవరైనా ఫీజులు, కమీషన్లు అడిగితే నమ్మవద్దని, తమకు వాటితో సంబంధమే లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మీ నోటు కొత్తదిలా మడత పడకుండా ఉంటే, ఆ అంకె మీద నమ్మకం ఉన్నవారు నోటు విలువకు పైన కాస్త ఇస్తారు. అంతకు మించి ఏమీ లేదు. కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

మన జిల్లాల్లో దీనికి తోడు ఇంకో జబ్బు ఉంది. రాముడి పట్టాభిషేకం బొమ్మో, ఆంజనేయుడి బొమ్మో ఉండి వెనక 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్న నాణేన్ని చూపించి, ఇది బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుందని చెబుతారు. 'రైస్ పుల్లర్' అనే ఆ నాణేన్ని భూములు అమ్మి కొని తెచ్చినవారు కూడా నా దగ్గరకు వచ్చారు. కంపెనీ అలాంటి నాణెం వేయనే లేదు. అవి తర్వాతి కాలంలో ఎవరో పోసిన బిళ్లలు. కంపెనీవాళ్లు మద్రాసులో వేసిన దేవుడి బొమ్మ నాణెం నిజంగా ఒకటుంది. దాన్ని మూడు స్వాముల వరహా అంటారు. నడుమ వేంకటేశ్వరుడు, ఇరువైపులా దేవేరులు ఉంటారు. అది చిటికెనవేలి గోరంత బంగారు నాణెం, మూడున్నర గ్రాములు కూడా తూగదు. అంతకు ముందే, చంద్రగిరి నుంచి ఏలిన రెండో వేంకటపతి రాయలు (1586–1614) తోరణం కింద నిలబడ్డ స్వామితో, వెనక నాగరి లిపిలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని వరహాలు వేయించాడు. మన ఊరి దేవుడు నాణెం మీద ఎలా ఉంటాడో ఒకసారి ఇవి చూస్తే, ఆ రాగి బిళ్లను చూసి ఎవరూ మోసపోరు.

ఇక మీ వెండి రూపాయలు. దయచేసి వాటిని తోమకండి. వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు చింతపండుతోనో పీతాంబరి పొడితోనో తళతళలాడేట్టు తోమి, కుంకుమ పెట్టి, కలశం ముందు ఉంచడం మన ఇళ్లలో అలవాటు. పూజకు అది బాగుంటుంది. సేకరించేవారికి మాత్రం వెండి మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి ఛాయే కావాలి. తోమిన రూపాయిని భూతద్దం కింద పెడితే రాజు చెంప మీద సన్నటి గీతలు ఒకే వైపు వాలి కనిపిస్తాయి. జుట్టు పాయలు అరిగి ఒకే ముద్దలా అయిపోతాయి. అలాంటిది వెండి ధర దాటి పోదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. నగల కొట్టులో వాడే చిన్న తూకం తీసుకోండి. విక్టోరియా, ఎడ్వర్డు, ఐదో జార్జి రూపాయలు 11.66 గ్రాములు తూగాలి. వాటిలో వెండి 91.67 శాతం. బాగా అరిగితే కాస్త తగ్గుతుంది గానీ, పది గ్రాములకు వచ్చిందంటే అనుమానించాలి. 1940 నుంచి 1945 వరకు వేసిన ఆరో జార్జి రూపాయల్లో వెండి సగమే. 1947 రూపాయి మొత్తం నికెల్, అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. మీ దగ్గరున్నవాటిలో సంవత్సరాలు చూడండి. 1911 ఉంటే పక్కన పెట్టండి. ఆ ఏడాది రాజు అంగీ మీద ఏనుగు బొమ్మను తొండం సరిగా కనబడక జనం పంది అనుకున్నారు. గొడవ అవుతుందని ప్రభుత్వం వాటిని వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాది బొమ్మ మార్చింది. అందుకే దానికి గిరాకీ. 1939 రూపాయి ఇంకా అరుదు. అయితే 1938 మీద ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి బజారులో తిరుగుతుంటాయి కాబట్టి, తెలిసినవారికి చూపించకుండా సంబరపడొద్దు.

బొక్క కాణీలు యుద్ధకాలంలో రాగి పొదుపు కోసం మొదలుపెట్టి, 1943 నుంచి 1947 వరకు నడుమ బెజ్జం పెట్టి లెక్కలేనన్ని వేశారు. డబ్బా నిండా ఉన్నా పెద్దగా ఏమీ రాదు. బేడలూ అంతే. పిల్లలకు చూపించడానికి, అణా లెక్క నేర్పడానికి మాత్రం వాటిని మించినవి లేవు.

ఇక్కడే ఇంకో సంగతి. పుత్తూరు వైపు నుంచి ఒక అమ్మ కాసుల పేరు పట్టుకొచ్చింది. అన్నీ అసలైన సవరన్లే (బ్రిటిష్ బంగారు నాణేలు), ఒక్కొక్కటి 22 క్యారెట్లు, ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ. కానీ ప్రతి కాసుకూ పైన కొండీ అతికించారు. "సార్, వందేళ్ల నాటివి కదా" అని ఆమె ఎంతో ఆశతో అడిగింది. అతుకు పడ్డ నాణెం సేకరణకు పనికిరాదు, బంగారం ధరే వస్తుందని చెప్పాల్సి వచ్చింది. అమ్మొద్దని కూడా చెప్పాను. అది మెడలో ఉన్నప్పుడు ఉన్న విలువ బజారులో లేదు.

ఇప్పుడు ఉత్తరాల కట్ట. అందరూ చేసే పని, కవర్లను నీళ్లలో నానబెట్టి స్టాంపులు ఊడదీసి ఆల్బంలో పెట్టడం. అది చేయకండి. సాధారణ స్టాంపులు కోట్లలో అచ్చయ్యాయి, విడిగా వాటికి ధర లేదు. స్టాంపు, దాని మీద ముద్ర, వెనక చేరిన ఊరి ముద్ర, చిరునామా, లోపలి ఉత్తరం అన్నీ కలిసి ఉంటేనే అది తపాలా చరిత్ర అవుతుంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకు ముందు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, దానికి చిత్తూరే ముఖ్యపట్టణం. కాబట్టి మీ కట్టలో 'నార్త్ ఆర్కాట్' చిరునామాతో ఒక్క కవరు ఉన్నా విడిగా పెట్టండి. పాకాల, రేణిగుంట లాంటి జంక్షన్లలో రైలు తపాలా వాళ్లు కొట్టిన ముద్రలు, ఇప్పుడు మూతపడిన చిన్న పల్లెటూరి పోస్టాఫీసుల ముద్రలు వెతికి కొనేవాళ్లున్నారు.

ఒక కార్డు గురించి చెబుతాను. ఐదో జార్జి బొమ్మ ఉన్న మామూలు పోస్టుకార్డు, 1934 నాటిది. కార్వేటినగరంలో ఇంటికి కొండ మీది నుంచి రాసింది. పెన్సిలు రాత, అక్షరాలు సగం మాసిపోయాయి. నాన్నకు మోకాళ్లు పట్టేశాయి, డోలీ మాట్లాడాము, కర్పూరానికీ తలనీలాలకూ ఇంతయింది, కొబ్బరికాయలకు ఇంత అని లెక్క రాసి, చివర 'గేదె ఈనిందా' అని అడిగాడు. మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకు పదేళ్ల ముందు ఒక మామూలు రైతు కుటుంబం కొండెక్కడానికి ఏం ఖర్చు పెట్టిందో ఆ కార్డులో ఉంది. ఏ చరిత్ర పుస్తకమూ ఆ లెక్క చెప్పదు. పాత కాగితాల కొట్లో కిలోల లెక్కన కొన్న మూటలో వచ్చింది అది. బెంగళూరు సేకర్త ఒకాయన, నేను ఆ మూట మొత్తానికి ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఆ ఒక్క కార్డుకే ఇచ్చారు. ఆయన కొన్నది స్టాంపును కాదు.

అందుకే కొత్తగా వచ్చేవారికి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే. మీ ఊరి కాగితాలు పట్టుకోండి. మొఘలు నాణేలు, విదేశీ స్టాంపులు అంటూ పోతే, డబ్బులోనూ తెలివిలోనూ మీకన్నా పదింతలున్నవారితో పోటీ పడాలి. తిరుపతి, చిత్తూరు కాగితాల దగ్గర పోటీ తక్కువ, పైగా అవి దొరికేదే ఇక్కడ. మీటర్ గేజ్ రోజుల అట్ట రైలు టికెట్లు, సత్రాల రసీదులు, థియేటర్ల కరపత్రాలు, బస్సు టికెట్లు, పాత దేవస్థానం క్యాలెండర్లు, పెళ్లి శుభలేఖలు, బెల్లం మండీల చిట్టాలు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇల్లు పడగొడుతున్నారంటే అక్కడ ఒక మూట కాగితాలు చెత్తలోకి పోతున్నాయనే లెక్క. పాకాలలో రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట్లో, వాడని అట్ట టికెట్లు బీరువా అడుగున పడి ఉన్నాయి. ఆయన భార్య వాటిని పొయ్యి రాజేయడానికి వాడుతుండేది. ఆ టికెట్ల మీదున్న స్టేషన్లలో కొన్నింటిలో ఇప్పుడు రైలే ఆగదు.

అలా కొనేటప్పుడు న్యాయమైన ధర ఇవ్వండి. ఎదుటివారికి తెలియదు కదా అని పది రూపాయలు చేతిలో పెట్టి వచ్చేస్తే ఆ మూట వరకే లాభం. వాళ్లకు తర్వాత తెలిస్తే ఆ వీధిలో ఇంకే తలుపూ తెరవరు. నాకు వచ్చే సరుకులో ఎక్కువ భాగం, ఒకప్పుడు నా దగ్గర మంచి ధర అందుకున్నవారు చెప్పి పంపిన ఇళ్ల నుంచే వస్తుంది.

మీ తిరుమల ఫొటో కార్డులకు వద్దాం. ముందు పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనండి, దానికి పెద్ద ఖర్చవదు. ఆకాశం ఉన్న చోట చూడండి. రంగు చుక్కలు వరసగా, చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ప్రెస్సులో అచ్చయినది, ఎక్కువగా తర్వాతి కాలపు కాపీ. చుక్కలే లేకుండా నలుపు నుంచి తెలుపుకు మెత్తగా మారిపోతే అది నిజమైన ఫొటో ప్రింటు. దేవుడి పటాలు కొనేటప్పుడూ ఇదే పరీక్ష. రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైంది. ఆ కాలపు రాతి అచ్చు పటాల్లో చుక్కలు ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. సన్నిధి వీధిలో 'పాత రవివర్మ' అని చూపించేవాటిలో చాలా వరకు ఫ్రేము మాత్రమే పాతది.

మంచి ఫొటో కార్డులైతే వెంటనే అమ్మకండి. అమ్మితే ఒక్కసారే డబ్బు. ఉంచుకుంటే అదే కార్డు మళ్లీ మళ్లీ సంపాదిస్తుంది. మన దేశంలో ఫొటోల కాపీరైటు 2012 వరకు ప్రచురించిన తర్వాత 60 ఏళ్లే ఉండేది; ఆ ఏడాది చట్టం మారాక, ఫొటో తీసినవారు పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. కాపీరైటు తీరిపోయిన కార్డును మంచి రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, పెద్ద ప్రింటు వేసి, ఫ్రేము కట్టి అమ్ముకోవచ్చు. తిరుపతిలో హోటళ్లు, రెస్టారెంట్లు కొత్తగా వచ్చినప్పుడల్లా గోడలకు పాత తిరుపతి ఫొటోలు కావాలని అడుగుతారు. అలాగే పాతకాలం కథ తీసే సినిమాలు, సీరియళ్ల ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు క్యాలెండర్లు, రేకు బోర్డులు, రేడియోలు అద్దెకు తీసుకుంటారు. నా ఆదాయంలో నమ్మకంగా వచ్చే భాగం ఈ ప్రింట్లు, అద్దెలే. అద్దెకు ఇచ్చేటప్పుడు డిపాజిట్ తీసుకోండి, ప్రతి వస్తువుకూ ఫొటో తీసి పెట్టుకోండి. షూటింగ్ హడావిడిలో వస్తువు నలగకుండా రావడం అరుదు.

పాటల పుస్తకాల మీద రెండు మాటలు చాలు. అట్ట ఉండాలి, పేజీలన్నీ ఉండాలి. సినిమా ఎంత పాతదైతే అంత మంచిది. హైదరాబాద్, చెన్నై, విజయవాడల్లో వీటికి అభిమానులున్నారు. తుప్పు పట్టిన పిన్నులు మాత్రం మెల్లగా తీసేయండి.

దాచే పద్ధతి ముఖ్యం. ఉత్తరాల మీది రబ్బరు బ్యాండును ఇప్పుడే కత్తిరించండి. మన ఎండలకు అది కరిగి కాగితానికి అతుక్కుంటే మచ్చ ఇక పోదు. లాగకండి, కత్తెరతో కత్తిరించండి. లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి, ఈ రెండూ కాగితాన్ని చంపేస్తాయి. బజారులో దొరికే మెత్తటి పీవీసీ ఆల్బం కవర్లలో నాణేలు పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది. పాలిస్టర్ కవర్లు అడిగి కొనండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన వానల్లో గోడవారగా పెట్టిన బీరువా లోపల చెమ్మ చేరుతుంది. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, సిలికా జెల్ సంచులు వేసి, అవి తడి పీల్చాక మార్చుతుండండి. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలకూడదు. ప్రతి వస్తువు పక్కన ఒక చీటీ మీద పెన్సిలుతో ఎక్కడ, ఎప్పుడు, ఎవరింట్లో దొరికిందో రాయండి. ఆ చీటీ ఉన్న వస్తువుకూ లేని వస్తువుకూ ధరలో తేడా వస్తుంది.

చట్టం విషయంలో కొన్ని గీతలు దాటకూడదు. వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు, చిత్రాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటిని విదేశాలకు పంపడం నేరం, వాటితో వ్యాపారం చేయాలంటే పురావస్తు శాఖ లైసెన్సు కావాలి. మీ ఇంట్లోవి అమ్ముకోవాలన్నా లైసెన్సు ఉన్నవారి ద్వారా వెళ్తే తలనొప్పి ఉండదు. నేను అలాగే పంపిస్తాను. గుడి సామాన్లు, పంచలోహ విగ్రహాల జోలికి అసలు పోవద్దు, ఎంత నమ్మకస్తుడు తెచ్చినా సరే. తాళపత్రాలు దొరికితే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థకు చూపించండి. చంద్రగిరి చుట్టుపక్కల పొలం దున్నుతుంటే నాణేలు దొరికాయని ఎవరైనా తెస్తే కొనవద్దు. నేలలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నుంచే చట్టం ఉంది. పెట్టె అడుగున రద్దయిన 500, 1000 నోట్లు కూడా కనబడితే లెక్కపెట్టండి. మామూలుగా పదికి మించి ఉంచుకోకూడదు, నాణేల సేకరణ, అధ్యయనం కోసమైతే 25 వరకు ఉంచుకోవచ్చు.

అమ్మేటప్పుడు డీలరు మీరు ఇంటర్నెట్‌లో చూసిన ధర ఇవ్వడు. అక్కడ కనిపించేది అడిగే ధర, నిజంగా అమ్ముడైన ధర కాదు. వేలం సంస్థలు వేలం అయ్యాక పెట్టే ధరల జాబితాలు చూడండి. నేనైతే అమ్మగలననుకునే ధరలో సగానికి కాస్త అటూ ఇటూగా కొంటాను. ఆ వస్తువు నా బీరువాలో ఏడాది పడి ఉండొచ్చు. మీకు ఓపిక ఉంటే చెన్నై, బెంగళూరుల్లో జరిగే నాణేల ప్రదర్శనలకు వెళ్లి నేరుగా సేకర్తలకే అమ్మండి. తిరుపతి నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగి రావచ్చు. మొదటిసారి మాత్రం అమ్మడానికి కాకుండా చూడటానికి, పదిమందితో మాట్లాడటానికి వెళ్లండి. ఒకే రకం రెండుంటే ఒకటి అమ్మి, ఆ డబ్బుతోనే కొత్తవి కొనండి. ఇంటి ఖర్చుల డబ్బు ఇందులోకి రానివ్వకండి. కొన్నదీ అమ్మిందీ ఒక పుస్తకంలో రాస్తుంటే, రేపు ఆదాయపు పన్ను లెక్కకూ పనికొస్తుంది.

ఈ వారం మీరు చేయాల్సింది ఇది. వెండి రూపాయలను ముట్టుకునే ముందు చేతులు కడిగి తుడుచుకుని, అంచులు పట్టుకుని రెండు వైపులా ఫొటోలు తీయండి, ఒక్కోదాని బరువు పక్కన రాయండి. కవర్లకు ముందూ వెనకా, ముద్రలు చదవగలిగేంత దగ్గరగా తీయండి. ఫొటో కార్డుల వెనకవైపు తప్పనిసరి. నిలువు గీత లేకుండా చిరునామాకు మాత్రమే చోటు ఉందంటే అది 1900 చుట్టుపక్కలది కావచ్చు. ఇవన్నీ ఇక్కడే పెడితే, ఏది ఉంచుకోవాలో ఏది అమ్మవచ్చో ఒక్కొక్కటిగా చెబుతాను. ఇంటి చిరునామాలు, సొంత విషయాలు ఉన్న ఉత్తరాల లోపలి పేజీలు మాత్రం పెట్టకండి. అవి ముందు మీ ఇంట్లోవాళ్లు చదవాల్సినవి.